నీలిమూత ట్యూబు

సుచరిత చనిపోయింది ఒక మంగళవారం పొద్దున, తొమ్మిది దాటాక. ఉతికిన బట్టల బకెట్ పట్టుకుని డాబా మెట్లు ఎక్కుతూ ఏడో మెట్టు మీద కూర్చుండిపోయింది. కింద వాకిట్లో స్కూటర్ తుడుస్తున్న తండ్రి ఓదెలు, పిల్ల అలిసి కూర్చుందనుకున్నాడు. ఏమైందని అడిగితే, "ఊపిరాడ్తలేదు బాపూ" అంది. ఆ మాట ఎంత నెమ్మదిగా అందంటే, అతను చేతిలోని గుడ్డను మడిచి సీటు మీద పెట్టాకే మెట్ల వైపు నడిచాడు. దగ్గరికి చేరేసరికి ఆమె పెదవులు నల్లబడ్డాయి.

ఆసుపత్రికి పదిహేను నిమిషాల దారి. తల్లి స్వరూప అప్పుడు తన బడిలో ఎనిమిదో తరగతికి హాజరు తీసుకుంటోంది. ఆమె వచ్చేసరికి అంతా అయిపోయింది. కాలిలో పుట్టిన రక్తపు గడ్డ ఒకటి కదిలి ఊపిరితిత్తుల్లోకి చేరి దారి మూసేసిందని డ్యూటీ డాక్టర్ చెప్పాడు.

పుట్టినప్పటి నుంచి రక్తం గడ్డకట్టని జబ్బుతో పెరిగిన పిల్ల, పదిహేడో ఏట రక్తం గడ్డకట్టి చనిపోయింది. చూడవచ్చిన బంధువులు ఈ మాట అర్థంకాక మళ్లీ ఒకసారి చెప్పించుకున్నారు.

ఓదెలుకు మాత్రం ఒక్కసారి వింటే చాలింది.

అతనూ స్వరూపా మేనబావ మేనమరదళ్లు. రెండు ఇళ్లలోనూ పైకి కనబడకుండా ఉన్న ఒక లోపం, ఇద్దరి నుంచీ చెరిసగం అంది పిల్లలో పూర్తిగా బయటపడింది. రక్తం గడ్డకట్టాలంటే అందులో పదీ పన్నెండు పదార్థాలు ఒకదాని తర్వాత ఒకటి అందుకుని పనిచేయాలి. వాటిలో ఒకటి సుచరిత ఒంట్లో సరిపడా తయారయ్యేది కాదు. పరీక్షలో మామూలు మనిషి రక్తం పన్నెండు సెకన్లకు గడ్డకడితే ఆమెది ఇరవై ఆరు సెకన్లు తీసుకునేది. పాలపళ్లు ఊడినన్నాళ్లూ దిండు మీద పాత తువ్వాలు పరిచేవారు. పెద్దమనిషి అయ్యాక నెలకు వారం రోజులు మంచం దిగేది కాదు. అందరు ఆడపిల్లలకీ ఏడాది నిండకముందే కుట్టించే చెవులు ఆమెకు కుట్టించనేలేదు.

ఓదెలు పని చేసేది కరీంనగర్ చివర ఉన్న ఒక రక్త పరిశోధనశాలలో. ఇరవై మూడేళ్లుగా అతని పని రక్తం తీయడం, పరీక్షించడం. అతని హస్తవాసి మంచిదని ఊళ్లో పేరు. నరం దొరకని ముసలివాళ్లూ, సూది అంటే వణికే పిల్లలూ అతను వచ్చేదాకా కూర్చునేవారు. రెండోసారి గుచ్చించుకున్నామని చెప్పినవాళ్లు లేరు. అందుకే అందరూ అతన్ని ఒక్క సూది ఓదెలు అనేవారు. ఎవరైనా అలా అంటే అతను తల వంచుకునేవాడు గానీ, వద్దని ఎప్పుడూ అనలేదు.

ఆ పరిశోధనశాలలో డాక్టర్ నుస్రత్ పదకొండేళ్లు పనిచేసి ఒక మందు తయారు చేసింది. దానికి ఆమె పెట్టిన పేరు కాపుకణాలు. కంటికి ఆనని ఆ కణాలను ఒకసారి నరంలోకి ఎక్కిస్తే వంద రోజులు రక్తంలో నిద్రపోతున్నట్టు తిరుగుతాయి. ఎక్కడైనా గాయమైతే మేలుకుని అక్కడ రక్తాన్ని పట్టి ఆపుతాయి. ఎంత తేలిగ్గా మేలుకోవాలన్నది మాత్రం ఎక్కించే ముందే ఒక్కొక్కరికీ విడిగా అమర్చాలి. ఒంట్లోకి పోయాక మార్చడానికి లేదు. రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడితే కణాలను అంత తేలిగ్గా మేలుకునేలా అమర్చేవారు. ఆ అమరికకు ఆధారం ఒకే ఒక్క ట్యూబు రక్తం, దాని మీద యంత్రం చూపే సెకన్లు.

మొదటి విడతలో నలభై మూడు మందిని తీసుకున్నారు. అందులో సుచరిత ఒకతె.

సొంతవాళ్ల రక్తం సొంతవాళ్లు తీయకూడదని అక్కడ ఒక పద్ధతి. ఆ రోజు డాక్టర్ నుస్రత్ ఓదెలును బయట కూర్చోమంది, ఇంకో టెక్నీషియన్ భాగ్య తీస్తుందని చెప్పింది. సుచరిత చెయ్యి వెనక్కి లాక్కుంది. "బాపు తీస్తెనే ఇస్త. లేకుంటే ఇంటికి పోత" అంది. భాగ్య నవ్వి, మీ బాపు చేతికి ఉన్న గిరాకీ మా ఎవ్వరికీ లేదని కుర్చీ ఖాళీ చేసింది. డాక్టర్ కూడా నవ్వి ఊరుకుంది.

నీలిమూత ట్యూబులో అడుగున కొంచెం మందునీళ్లు ముందే పోసి ఉంటాయి. పరీక్ష మొదలయ్యేదాకా రక్తాన్ని గడ్డకట్టకుండా పట్టి ఉంచడం వాటి పని. ఒక వంతు మందుకు తొమ్మిది వంతుల రక్తం పడాలి. అందుకే ట్యూబు మీద ఒక గీత ఉంటుంది. రక్తం గీత దాకా రాకపోతే మందు ఎక్కువై గడ్డకట్టే సెకన్లు తప్పు వస్తాయి. ఊదామూత ట్యూబులో ఉండేది వేరే మందు, గడ్డకట్టకుండా ఆపడంలో ఇంకా గట్టిది. అది కణాలు లెక్కపెట్టే పరీక్షకు. ఒకదాని చుక్క ఒకదానిలో పడకూడదు. కొత్తగా చేరినవాళ్లకు ఓదెలు మొదటి రోజు నేర్పే పాఠం అదే.

సుచరిత నరం సన్నం. ఓదెలు సన్న పైపు ఉండే సూది తీసుకున్నాడు. ఆ సూదితో తీసేటప్పుడు పైపులోని గాలి మొదటి ట్యూబులోకి పోతుంది కాబట్టి ముందు ఒక ఖాళీ ట్యూబు పెట్టి కొంచెం రక్తం తీసి పారేయాలి. బిడ్డ రక్తం పారేయడానికి అతనికి చెయ్యి రాలేదు. నేరుగా నీలిమూత ట్యూబు పెట్టాడు. గాలి జొరబడి రక్తం గీతకు కొంచెం కింద ఆగిపోయింది. అతను అది చూసుకోలేదు. ఊదామూత ట్యూబు నింపి, సూది తీసి, దూది అదిమి పట్టుకున్నాక అప్పుడు చూశాడు.

ఆ ట్యూబు పారేసి ఇంకోసారి గుచ్చాలి. అందరికీ అయితే అది ఒక చిటుక్కుమనే నొప్పి. సుచరితకు ఇరవై నిమిషాలు అదిమి పట్టుకోవడం, వారం రోజులు మోచేతి దగ్గర నల్లటి కమిలిన మచ్చ. గీత దాకా లేని ట్యూబును యంత్రం కెమెరాతో చూసి తిప్పికొడుతుంది. ఓదెలు రెండు మూతలూ తీసి, ఊదామూత ట్యూబులోంచి నీలిమూత ట్యూబులోకి గీత దాకా వంచాడు.

సుచరిత చూస్తూనే ఉంది. "గట్ల పోయొచ్చా బాపూ?" అని అడిగింది.

"అది నీ రక్తమే, ఇది నీ రక్తమే. నీది నీకే పోస్తున్న. ఏమైతది?" అన్నాడు.

అలా పోయడం అతనికి అది మొదటిసారి కాదు. ముసలివాళ్లకూ చంటిపిల్లలకూ ఎన్నోసార్లు పోశాడు. మామూలు పరీక్షల్లో అంకె అటూ ఇటూగా కనిపిస్తే డాక్టర్లు నమ్మక మళ్లీ చేయించేవారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఏమీ కాని ప్రతిసారీ, పాఠంలో చెప్పేదానికీ పనిలో చేసేదానికీ మధ్య ఉన్న తేడా అతని మనసులో కొంచెం చిన్నదవుతూ వచ్చింది.

యంత్రం ముప్పై నాలుగు సెకన్లు చూపింది. ఎప్పుడూ ఇరవై ఆరు ఉండేది ఇంత పెరిగిందేమని డాక్టర్ నుస్రత్ అడిగింది. మొన్ననే నెలసరి అయి నీరసించింది మేడం, అదే అయ్యుంటుందని ఓదెలు చెప్పాడు. అతను తండ్రి, పైగా ఇరవై మూడేళ్ల అనుభవం ఉన్నవాడు. ఆమె ఆ అంకె మీదే, మరీ తేలిగ్గా మేలుకునేలా కణాలు అమర్చింది.

కణాలు ఎక్కించాక నలభై రోజులు సుచరిత మామూలు పిల్లలా తిరిగింది. కూరగాయలు కోసింది. సైకిల్ నేర్చుకుంటూ పడి మోకాలు చెక్కుకుపోతే, పరుగున వచ్చి ఆ మోకాలు తల్లికి చూపించింది. అప్పటికే ఆరిపోయింది. నెలసరి మూడు రోజుల్లో ఆగింది. స్వరూప ఆమెను కంసాలి దగ్గరికి తీసుకుపోయి చెవులు కుట్టించింది. కుట్టినచోట ఒక్కో చుక్క వచ్చి ఆగిపోయింది. స్వరూప కంసాలి ఎదుటే ఏడ్చిందనీ, ఆయన గాబరాపడి మంచినీళ్లు తెప్పించాడనీ సుచరిత ఇంటికి వచ్చి నవ్వుతూ చెప్పింది. నలభై ఒకటో రోజు మంగళవారం.

దినాలు అయ్యాక సోమవారం నాడు ఓదెలు మళ్లీ పనిలోకి వెళ్లాడు. డాక్టర్ నుస్రత్ అతన్ని తన గదిలో కూర్చోబెట్టి తలుపు మూసింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. కణాల్లో తప్పుందో, ఆ పిల్ల ఒంట్లో ఇంకేదన్నా ఉందో తెలియాలి. మిగిలిన నలభై రెండు మంది ఇవే కణాలతో తిరుగుతున్నారు. కణాలను పూర్తిగా నిలిపేసే విరుగుడు ఉంది. కానీ అందరికీ ఇచ్చేస్తే ఉన్న రక్షణ పోతుంది. వాళ్లలో ఇద్దరికి ఆపరేషన్లు అయి వారం తిరగలేదు, రక్తం ఆగక చనిపోతారు. ఎవరికి ఇవ్వాలో తెలిస్తేగాని ఇవ్వలేం. ఆ రోజు సుచరిత నీలిమూత ట్యూబు రక్తంలోంచి వేరుచేసిన ప్లాస్మా, ఆ పసుపు ద్రవం, ఫ్రీజర్‌లో కొంచెం మిగిలి ఉంది. దాన్ని మళ్లీ పరీక్షించాలి.

"మీరు ముట్టుకోవద్దు ఓదెలన్నా. భాగ్య చేస్తది" అంది.

"నేనే చేస్త మేడం" అన్నాడతను.

అది తండ్రి ఆశ అనుకుంది ఆమె. సరేనంది.

ఆ సోమవారం అతను ఫ్రీజర్ తెరవలేదు. మంగళవారం పరీక్షకు కావలసిన మందు పాతబడిందన్నాడు. తర్వాత యంత్రం సరిచూడాలన్నాడు. డాక్టర్ ఒత్తిడి చేయలేదు. పదిమందికీ అతని మీద ఉన్న జాలి అతనికి అడ్డంగా నిలబడింది, అతను దాని వెనక దాక్కున్నాడు. ఆ ట్యూబు కరిగితే ఏం బయటపడుతుందో ఆ భవనంలో తెలిసినవాడు అతనొక్కడే.

ఉద్యోగం పోతుందని కాదు అతని భయం. రోజూ సాయంత్రం స్వరూప ఎనిమిదో తరగతి కాగితాలు దిద్దుతూ తల ఎత్తకుండా అడిగేది. "ఏమన్న తెలిసిందా బావా?" చూస్తున్నరని అతను చెప్పేవాడు. ఆమె ఇంకో కాగితం తీసుకునేది. చిన్నప్పటి నుంచి ఆ పిలుపు వింటున్నాడతను. ఒకే ఇంటి ముందు ఆడుకున్న రోజుల నుంచి. నీ బిడ్డను నేను చంపాను అని చెప్పాక ఆ ఇంట్లో మిగిలేదేమిటో అతనికి తోచలేదు.

మరుసటి వారం బుధవారం నాడు భాగ్య అతని బల్ల దగ్గరికి వచ్చింది. "అన్నా, ఫ్రీజర్ తాళంచెవి నాకియ్యి. నీతోని కాదు. నేను చేస్త" అంది. ఆమె గొంతులో అనుమానం లేదు, దయే ఉంది. ఓదెలు లేచి తనే వెళ్లాడు.

చిటికెన వేలంత ట్యూబు. పైన అతని రాతే. పేరు, వయసు, తేదీ. లోపల పసుపుపచ్చటి మంచు. పట్టుకుంటే వేళ్లు కాలినట్టయ్యాయి. పక్కనే కడిగే తొట్టి ఉంది, అందులో బ్లీచింగ్ నీళ్లు ఉన్నాయి. ఫ్రీజర్‌లోంచి తీసిన ట్యూబులు అప్పుడప్పుడు పగులుతాయి, ఎవరూ అడగరు. అతను చాలాసేపు నిలబడ్డాడు. అతని పిల్ల ఒంట్లోది ఈ లోకంలో మిగిలింది అంతే. దాన్ని పారబోయడానికి ఈసారి కూడా అతనికి చెయ్యి రాలేదు.

వెచ్చటి నీళ్లలో పెట్టి కరిగించాడు. చిన్న గిన్నెలోకి కొంచెం తీసి పరీక్ష మందు కలిపి గడియారం నొక్కాడు. పలచగా, తేటగా కదిలిన ద్రవం ఉన్నట్టుండి కదలడం మానేసి ముద్దకట్టింది. సుచరిత పోయి ఇరవై రెండు రోజులైంది. ఆమె రక్తం అడిగినదానికి ఇంకా జవాబు చెబుతోంది. ముప్పై నాలుగు సెకన్లు.

మిగిలిన చుక్కల్లో పొటాషియం చూశాడు. ఊదామూత ట్యూబులోని మందు పొటాషియంతో చేసిన ఉప్పు. మనిషి రక్తంలో అది నాలుగు, మహా అయితే ఐదు ఉంటుంది. తెర మీద పదిహేను అని వచ్చింది. అతను ఆ కాగితం అచ్చు తీసి డాక్టర్ నుస్రత్ బల్ల మీద పెట్టాడు.

ఆమె చదివింది. ఆ పని తెలిసినవాళ్లకు ఆ ఒక్క అంకె చాలు.

"పోసినరా?" అని అడిగింది.

"పోసిన మేడం. గీత దాక రాలేదు. రెండోసారి గుచ్చబుద్ధి కాలే."

"అంటే కణాల తప్పు లేదు" అన్న మాట ఆమె నోట్లోంచి జారింది. వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పదకొండేళ్ల పని నిలబడిందన్న నిమ్మళం ఒక్క క్షణం ముఖం మీద కనబడి పోయింది. క్షమించమంది. ఓదెలుకు అందులో తప్పు కనిపించలేదు.

తర్వాత ఆమె ముఖం మారింది.

"ఓదెలన్నా, ఈ నలభై మూడు మందిల ఇంకెవరికన్న ఇట్ల పోసినరా?"

ఇరవై రెండు రోజులుగా ఓదెలు ఒకే ఒక్క ట్యూబు గురించి ఆలోచించాడు. ఇంకొకటి ఉండొచ్చన్న తలంపే అతనికి రాలేదు. దుఃఖం అంత ఇరుకుగా ఉంది.

"పోసిన" అన్నాడు. "ఎవరికో యాదికి లేదు."

ఆ మధ్యాహ్నం నలభై రెండు ట్యూబులూ కరిగించారు. భాగ్య చేసింది, అతను పక్కన నిలబడి అంకెలు చదివాడు. నాలుగు. నాలుగున్నర. నాలుగు. పదమూడు వచ్చినచోట భాగ్య ఆగి పేరు చదివింది. అలా మూడుసార్లు ఆగింది. మానకొండూరు మల్లవ్వ. జమ్మికుంట రజిత. సిరిసిల్ల సమ్మయ్య.

మల్లవ్వకు డాక్టరే ఫోన్ చేసింది. డెబ్బై ఏళ్ల మనిషి, పెరట్లో ఉంది. మళ్లీ సూది అనగానే తిట్టింది. బండి పంపించారు.

జమ్మికుంటకు ఓదెలు చేశాడు. రజితకు ఇరవై ఆరేళ్లు, ఇద్దరు పిల్లలు. రెండో కాన్పులో రక్తం ఆగక చావు దాకా పోయి వచ్చి ఈ మందు కోసం పేరు రాయించుకుంది. ఫోన్ భర్త ఎత్తాడు.

"ఆమె లేదు సార్" అన్నాడు. "పోయిన శుక్రారం. తలకాయ నొస్తున్నదని పండుకున్నది. లేపితే లేవలే. మెదడుల గడ్డ అన్నరు." మళ్లీ తనే, "మీకు చెప్పాల్నా? మీ మందుకు దీనికి సంబంధం ఉన్నదని మాకేం తెలుసు" అన్నాడు.

సోమవారం నాడు అతన్ని ఆ ట్యూబు కరిగించమన్నారు. శుక్రవారం రజిత చనిపోయింది. మధ్యలో నాలుగు రోజులు. పరీక్షకు పట్టిన కాలం నలభై నిమిషాలు.

అతను ఫోన్ పెట్టాక భాగ్య కుర్చీ జరిపింది. అతను కూర్చోలేదు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి స్వరూపకు చెప్పాడు. ఆమె కాగితాలు దిద్దుతోంది. ట్యూబు సంగతి, గీత సంగతి, పోసిన సంగతి, ఒకదాని తర్వాత ఒకటి, ఇంకెవరిదో కథలా చెప్పాడు. ఆమె వింటూ ఎర్రపెన్ను మూత పెట్టింది.

"పోసినవని నాకెరుకే" అంది.

అతను తల ఎత్తాడు.

"ఆ దినం సాయంత్రమే చెప్పింది. బాపు నన్ను రెండోసారి గుచ్చలేదమ్మా, తెలివి చేసిండు అని నవ్వింది. నేను గూడ సంతోషపడ్డ బావా. నీ చెయ్యి అంత మంచిదని." కిటికీ వైపు చూస్తూ అంది. "దాంట్ల విషమున్నదని నాకు తెలువకపాయె."

అక్కడితో ఆపి ఉంటే ఆమె ఏడ్చి ఉండేది, ఇద్దరూ కలిసి ఏడ్చి ఉండేవారు. అతనికి అది తెలుసు. అయినా రజిత సంగతి కూడా చెప్పాడు.

ఎప్పుడు పోయిందని అడిగింది. శుక్రవారం అన్నాడు. నిన్ను ఆ ట్యూబు చూడమన్నది ఎప్పుడని అడిగింది. సోమవారం అన్నాడు. పిల్లవాడు చెప్పిన జవాబును సరిచూసే టీచర్‌లా ఆమె వేళ్ల మీద రోజులు లెక్కపెట్టింది.

"మన పిల్లకు చేసింది ప్రేమతోని చేసినవ్ అనుకుంట" అంది చివరికి. "ఆ నాలుగు రోజులను ఏమనుకోవాలె?"



రజిత పిల్లలు ఏ తరగతి అని స్వరూప అడిగింది. పెద్దది ఒకటో తరగతి, చిన్నోడు ఇంకా బడికి పోవడం లేదని చెప్పాడు. ఆమె లేచి కాగితాలు సంచిలో పెట్టుకుంది. "నువ్వే పోయి చెప్పు. డాక్టరమ్మతోని చెప్పించకు" అంది. మరునాడు పొద్దున ఎప్పటిలాగే అన్నం వండింది, కంచం పెట్టింది, తిను అంది. ఆ రోజు నుంచి ఆమె అతన్ని ఏ పేరుతోనూ, ఏ వరసతోనూ పిలవలేదు.

మల్లవ్వకు గురువారం విరుగుడు ఇచ్చారు. భాగ్య సూది పట్టుకుని వస్తే మల్లవ్వ ఒప్పుకోలేదు, ఓదెలే గుచ్చాలని మొండికేసింది. ఇక సూది పట్టనని అతను చెప్పాడు, ఎందుకో కూడా చెప్పాడు. ఆమె అతన్ని తేరిపార చూసింది. "ఒక్క సూది ఓదెలు అని నేనే ఊరంత చెప్పుకుంటి. రెండు గుచ్చితే నేనేమన్న అందునా బిడ్డా?" అంది. భాగ్య ఆమె చెయ్యి పట్టుకుంది.

మరునాడు శుక్రవారం ఓదెలు జమ్మికుంట వెళ్లాడు. రజిత భర్త తిరుపతి వాకిట్లో మంచం వాల్చి కూర్చోమన్నాడు. చిన్నోడు అతని భుజం మీద నిద్రపోతున్నాడు. ఓదెలు నిలబడే చెప్పాడు. ట్యూబు గురించి చెప్పినప్పుడు తిరుపతికి సగమే అర్థమైంది. నాలుగు రోజుల గురించి చెప్పినప్పుడు మాత్రం పూర్తిగా అర్థమైంది. అతను పిల్లవాణ్ణి ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు. కొడతాడని ఓదెలు అనుకున్నాడు. కొట్టినా బాగుండేది.

"ఇంకొకాయన ఉన్నడంటివి. సిరిసిల్లాయన. ఆయన దొరికిండా?" అని అడిగాడు తిరుపతి.

"ఇంకా లేదు."

"మరి ఈడేం చేస్తున్నవ్?"

సమ్మయ్యది నేతపని. ఒంట్లో సుచరిత లాంటి జబ్బే ఉండడంతో పదేళ్ల కింద మరమగ్గం మానేసి చిన్న బడ్డీ పెట్టుకున్నాడు. కణాలు ఎక్కించుకున్న నెలకు ఒకసారి బ్లేడుతో వేలు తెగితే రక్తం వెంటనే ఆగిందట. ఇక చెయ్యి తెగినా భయం లేదని బడ్డీ మూసి, మరమగ్గాల ఊరు భీవండీకి వెళ్లిపోయాడని, సిరిసిల్ల వెళ్లిన ఓదెలుకు అతని చెల్లెలు చెప్పింది. అలా చెబుతున్నప్పుడు ఆమె ముఖంలో ఇంకా ఆ సంతోషం ఉంది. ఇచ్చిన నంబరుకు ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్ అని వస్తోంది.

డాక్టర్ నుస్రత్ అక్కడి ఆసుపత్రులకు కబురు పెట్టింది, పోలీసులకు కాగితం రాసింది. జరిగింది టెక్నీషియన్ తప్పు అని విచారణలో తేలింది. ట్యూబుల్లో ముందు పొటాషియం చూసి ఆ తర్వాతే సెకన్లు చూడాలని కొత్త నియమం పెట్టారు. మిగిలినవాళ్లు బాగున్నారు. ఆపరేషన్ అయిన ఇద్దరూ లేచి తిరుగుతున్నారు. మందు పనిచేస్తోంది. ఓదెలును పనిలోంచి తీసేశారు. అతను డాక్టర్‌ను ఒక్కటే అడిగాడు, మంచు డబ్బాలో విరుగుడు, దాంతోపాటు ఎక్కడి డాక్టరైనా చదివి ఇవ్వగలిగేలా ఒక ఉత్తరం. ఆమె రెండూ ఇచ్చింది. పోయేముందు స్వరూప అతని సంచిలో రెండు జతల బట్టలు సర్ది పెట్టింది. రోజూ బడిలో మధ్యాహ్నం గంట కొట్టాక ఫోన్ చేసి, దొరికాడా అని అడుగుతుంది. లేదంటే పెట్టేస్తుంది.

భీవండీ సందుల్లో మగ్గాల మోత మధ్య మాట వినబడదు. ఓదెలు సమ్మయ్య ఫోటో ఉన్న కాగితం చూపిస్తూ ఒక్కో షెడ్డూ తిరుగుతున్నాడు. మంచు కరిగినప్పుడల్లా చేపల దుకాణంలో కొత్త మంచు పోయించుకుంటాడు. మొదటి వారం ఒకరు సమ్మయ్యను చూశానన్నారు. గది మారాడన్నారు. ఆ గదికి వెళితే పది రోజుల కిందటే ఖాళీ చేశాడని చెప్పారు. షోలాపూర్ పోయాడని ఒకరు, ఇక్కడే ఇంకో పేటలో ఉన్నాడని ఒకరు.

టీ కొట్టు దగ్గర సిరిసిల్ల నుంచి వచ్చి స్థిరపడ్డ ఒక పెద్దావిడ ఆ కాగితం చేతిలోకి తీసుకుంది.

"ఏమైతడు నీకు?" అని అడిగింది.

"ఏం కాడు. ఆయన రక్తం నేను తీసిన. తప్పు చేసిన" అన్నాడు ఓదెలు. "ఈ మందు ఆయనకు వెయ్యాలె. లేకుంటే పానం పోతది."

ఆమె ఫోటోను చాలాసేపు చూసి, తెలియదని తల ఊపి, తమ పేటలో అడిగిస్తానని కాగితం తన దగ్గరే పెట్టుకుంది. అతను సంచిలోంచి ఇంకో కాగితం తీసుకుని పక్క సందులోకి నడిచాడు.

సమ్మయ్య ఒంట్లోని కణాలు వంద రోజులు నిండి వాటంతటవే కరిగిపోవడానికి ఇంకా పంతొమ్మిది రోజులున్నాయి. అతను ఇంకా దొరకలేదు.